గేరు పడకపోతే బాక్సు దించాలా?

మా పాత పికప్‌ను న్యూట్రల్‌లో పెట్టి గేరు రాడ్డు కదిపితే అటు డాష్‌బోర్డు, ఇటు సీటు తగిలేది. విల్లీస్ వాళ్లు 1953లో తెచ్చిన సీజే-3బీ జీపును మహీంద్రా కంపెనీ మన దేశంలో దశాబ్దాలపాటు తయారు చేసింది. ఆ ఛాసిస్ మీద ఎవరో డాలా కట్టించిన బండి ఇది. గేర్లు మూడే. రాడ్డు ఎడమకి నెట్టి వెనక్కి లాగితే ఫస్టు, ముందుకు తోస్తే రివర్సు. కుడివైపు ముందుకి సెకండు, వెనక్కి థర్డు. ఫస్టుకి సింక్రో లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా పాక్కుంటూ పోయే ట్రాఫిక్‌లో అదెంత సుఖమో ఊహించుకోండి!

ఒకరోజు హిమాయత్‌నగర్ సిగ్నల్ దగ్గర రాడ్డు బిగుసుకుపోయింది. ముందుగా చూపించిన షెడ్డులో గేర్‌బాక్సు దించాల్సిందేనన్నారు. నాకు నమ్మకం కుదరక అశోక్‌నగర్‌లో మా పాత మేస్త్రి దగ్గరికి పోయాను.

"ఇంజన్ ఆపి గేర్లు వేసి చూశారా సార్?" అన్నాడాయన.

ఆ ప్రశ్నలోనే సగం వైద్యం ఉంది. ఇంజన్ ఆపితే అన్ని గేర్లూ పడి, నడుస్తుండగా పడకపోతే తప్పు క్లచ్‌దే. క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. ఇంజన్ ఆపినా పడకపోతేనే రాడ్డు వైపు చూడాలి.

రాడ్డు బాక్సు పైమూతలో ఒక గుండు మీద కూర్చుని తిరుగుతుంది. మూత లోపల పక్కపక్కనే రెండు షాఫ్టులు ఉంటాయి. ఒకటి ఫస్టు-రివర్సులకి, రెండోది సెకండు-థర్డులకి. రాడ్డు కింది కొన ఏ గాడిలో దిగితే ఆ షాఫ్టు, దాని ఫోర్కు కదులుతాయి. ఏళ్ల తరబడి రాసుకుని కొన అరిగితే రెండు గాళ్ల మధ్య చిక్కుకుంటుంది. మా బండికి జరిగింది అదే. మేస్త్రి పైమూత విప్పి, స్క్రూడ్రైవర్‌తో రెండు గాళ్లనూ సమానం చేసి న్యూట్రల్‌కి తెచ్చాడు. అరిగిన కొనకి లేత్ షాపులో వెల్డింగు పోయించి, గాడికి సరిపోయేలా అరగదీయించాడు.

కొత్త రాడ్డు కొనాలంటే రాణిగంజ్ ఉండనే ఉంది. కాకపోతే పాతది చేతబట్టుకుని పోవాలి. గుండు సైజు, కొన మందం, ఒంపు మూడూ కలవాలి. ఒంపు తేడా వస్తే థర్డు వేసినప్పుడల్లా సీటుకు గుద్దుకుంటుంది.

వేసిన గేరు దానంతటదే జారి న్యూట్రల్‌కి వస్తుంటే అది వేరే జబ్బు. షాఫ్టును పట్టి ఉంచే చిన్న బాల్, దాని స్ప్రింగు ముందు మార్చి చూడాలి. అప్పటికీ జారితే పళ్లో, బేరింగులో అరిగినట్టు. అప్పుడు బాక్సు దించక తప్పదు.

అంబాసిడర్ హ్యాండ్ గేరు కథ వేరు. స్టీరింగు పక్కనుంచి బాక్సు దాకా లింకు రాడ్లు పోతాయి. అక్కడ ముందు అనుమానించాల్సింది బుష్‌లని.

మీ పాత బండికి గేరు పడకపోతే షెడ్డుకి తోలే ముందు, ఇంజన్ ఆపి ఒక్కో గేరూ వేసి చూడండి. అప్పటికీ పడకపోతే రాడ్డు విప్పించి, దాని కొన మీ కళ్లతో చూసి, ఆ తర్వాతే బాక్సు మీద చెయ్యి వెయ్యనివ్వండి.