కుటుంబమునకు చిన్న కారు: గుణదోష పరీక్ష



ఎద్దును కొనుటకు సంతకు పోయిన రైతు దాని మేతనుగూర్చి మాత్రమే విచారించి బేరము ముగింపడు. పళ్లు చూచును, సుడులు చూచును, కాడికి కట్టి నడిపించి చూచును. ఆగుమన్నచోట ఆగునా యనియు చూచును. కారును కొనునపుడు మాత్రము మనలో పెక్కురు "లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును?" అను ఒక్క ప్రశ్నతో తృప్తిపడుచున్నారు. అది మేతనుగూర్చి మాత్రమే అడిగి ఎద్దును కొనుట వంటిది. మన యూళ్లలో తరచుగా కనబడు మారుతీ వేగనార్ కారును ఉదాహరణముగా గైకొని, చిన్న కారును పరీక్షించు విధమును మనవి చేసెదను.

ఈ కారు 1993లో జపానునందును, 1999లో మన దేశమునందును అమ్మకమునకు వచ్చినది. ఇప్పటి రూపము 2019 నాటిది. సామాను పెట్టె వేరుగా పొడుచుకొనిరాక, వెనుక తలుపు పైకి లేచు ఇట్టి కార్లను హాచ్‌బ్యాక్ అందురు.

మొదట పరిశీలింపదగినది చోటు. వేగనార్ పొడవు 3655 మిల్లీమీటర్లు, అనగా పండ్రెండడుగులు. ఎత్తు 1675 మిల్లీమీటర్లు, అనగా అయిదున్నర అడుగులు. ఇరుకు సందులలో తిరుగుటకు ఆ పొడవు అనుకూలము. ఎత్తు మూలమున మోకాళ్ల నొప్పిగల వృద్ధులు ఎక్కువ వంగకయే ఎక్కి దిగగలరు. కావున కొనుటకు పూర్వము ఇంటిలోని పెద్దవారిని వెంటబెట్టుకొనిపోయి, వెనుక సీటున కూర్చుండబెట్టి చూడవలయును. వెనుక సామానుచోటు 341 లీటర్లు. సి.ఎన్.జి. రకములో ఆ చోటును చాలవరకు గ్యాసు సిలిండరే ఆక్రమించును. సామానుతో ప్రయాణించువారు దీనిని మరువరాదు.

రెండవది ఇంధనవ్యయము. ప్రకటనలలోని అంకెలు ప్రయోగశాలలో, తిరుగు రోలర్లపై కారును నడిపి కట్టినవి. మన దారుల లెక్క మనమే కట్టుకొనవలయును. ట్యాంకు నిండుగా పోయించి, మీటరు అంకె వ్రాసుకొని, కొన్నినాళ్లు నడిపి, మరల నిండుగా పోయింపుడు. 420 కిలోమీటర్లు తిరిగినపిమ్మట 28 లీటర్లు పట్టినచో, లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చినట్లు.

మూడవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు, ప్రాణరక్షణ. వేగము రెండింతలైనచో కారులోని శక్తి నాలుగింతలగును. కావున 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు, 40 కిలోమీటర్ల వేగమున పోవు కారుకంటె, బ్రేకు నొక్కినపిమ్మట ఇంచుమించు నాలుగింతల దూరము పోయి ఆగును. ఆగలేక గుద్దుకొన్నచో, లోపలివారిని కాపాడవలసినవి కారు చట్రము, నడుము బెల్టు, గాలిసంచులు.

గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ 2014లో మన దేశపు చిన్న కార్లనయిదింటిని గంటకు 64 కిలోమీటర్ల వేగమున అడ్డుకు గుద్దించి పరీక్షించినది. పెద్దల రక్షణలో అయిదింటికిని ఒక్క నక్షత్రమైనను రాలేదు. 2023లో ఫలితము ప్రకటింపబడిన వేగనార్‌కు పెద్దల రక్షణలో ఒక నక్షత్రము వచ్చినది. పిల్లల రక్షణలో సున్న. దాని చట్రము నిలకడలేనిదని తేల్చిరి. నాటి కారునకు రెండు గాలిసంచులే యుండెను. 2025లో అన్ని రకములకును ఆరేసి అమర్చిరి. ఇది మేలే. కాని సంచులు పెరిగినంతమాత్రమున చట్రము గట్టిపడదు.

కావున నా తీర్పిది. ఆసుపత్రికి, అంగడికి, దగ్గరి పట్టణమునకు మితవేగముతో పోవుటకును, వృద్ధుల సౌఖ్యమునకును ఈ కారు తగినదే. బిడ్డలతో తరచుగా రహదారులపై దూరప్రయాణము చేయు కుటుంబము మాత్రము, కొంత సొమ్ము హెచ్చైనను, హెచ్చు నక్షత్రములు పొందిన కారును వెదకుట మేలు. 2023 అక్టోబరు 1 నుండి మన దేశమునందే భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షావిధానము నడచుచున్నది. "ఈ కారునకు ఎన్ని నక్షత్రములు?" అని అమ్మువానిని అడుగుటకు సంకోచింపకుడు.

ఏ కారు కొన్నను వెనుక కూర్చున్నవారును బెల్టు కట్టుకొనవలయును. పసివానిని ఒడిలో నుంచుకొని ప్రయాణింపరాదు. గుద్దుకొన్న క్షణమున తల్లి చేతులు ఎంత బలమైనవైనను బిడ్డను పట్టియుంచజాలవు. పిల్లలకై ప్రత్యేకముగా చేసిన సీటు అంగళ్లలో దొరకును. కారు కొను నాడే దానినికూడ కొనుడు.