గోడకు తగిలించే ముందు

భిలాయి అనగానే కొలిమి మంట గుర్తుకు వస్తుంది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన నాటినుండి ఆ ఉక్కునగరపు ప్రఖ్యాతి అది. అదే ఊరి సివిక్ సెంటర్‌లో ఉక్కు కర్మాగారం వారి నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఉన్నదని బయటివారిలో చాలమంది ఎరుగరు. బ్రతుకుతెరువుకై అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అట్టి ఇంటి యువకుడొకడు ఇరవై చిత్రాలు గీశాడనుకొందాం. ఏదో ఒక గ్యాలరీలో గోడ దొరికితే చాలునని మురిసిపోతాడు. కాగితం మాట ఎత్తడానికి మొగమాటపడతాడు. చిక్కంతా ఆ మొగమాటంలోనే ఉన్నది.

పెద్దవారికీ ఈ చిక్కు తప్పలేదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ నిర్మించిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గిడ్డంగిలో పడవేశారు. ఆయన న్యాయస్థానానికెక్కగా, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. కృతి చేయి మారినా కర్త గౌరవహక్కు పోదన్నది 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షను సారం.

చిత్రాన్ని అమ్మినంత మాత్రాన దానిని క్యాలెండరుపై అచ్చువేసే హక్కు కొన్నవారికి రాదు. హక్కు బదిలీ వ్రాతపూర్వకంగా ఉండాలి. గడువు వ్రాయకపోతే అయిదేండ్లుగా పరిగణిస్తారు. అయితే ఒకరు సొమ్మిచ్చి పురమాయించి గీయించుకొన్న చిత్రం సంగతి వేరు. వేరే ఒప్పందం లేకుంటే దాని కాపీరైటు పురమాయించిన వారిదే! ఈ తిరకాసు తెలియక నష్టపోయే అవకాశం ఎక్కువ.

ఇక డబ్బు లెక్క. ప్రైవేటు గ్యాలరీలు అమ్మకపు ధరలో మూడోవంతు మొదలు సగం దాకా కమీషను తీసుకోవడం పరిపాటి. అద్దె, వెలుతురు, ఆహ్వానపత్రికలు, కొనుగోలుదారుల పరిచయం వారి వంతు గనుక దానిని దోపిడీ అనలేము. పేచీ వచ్చేది తగ్గింపు దగ్గర. 20,000 రూపాయల చిత్రంపై 40 శాతం కమీషను పోగా చిత్రకారునికి 12,000 రావాలి. గ్యాలరీ తనంత తాను 10 శాతం తగ్గించి అమ్మి, మిగిలినదానిపై కమీషను లెక్కవేస్తే అతని చేతికి వచ్చేది 10,800. ఆ 1,200 ఎవరు భరించాలో ముందే వ్రాసుకోవాలి.

అమ్ముడయ్యేవరకు చిత్రం చిత్రకారునిదేనని, సొమ్ము ఇన్ని రోజులలో ముట్టాలని, రానుపోను రవాణా, బీమా ఫలానావారివని ఒక్క పుటలో వ్రాయవచ్చు. చిత్రాలు అప్పగించేనాడే ప్రతిదాని పేరు, కొలత, ధర, ఉన్న గీతలు, మరకలతో సహా జాబితా వ్రాసి, ఇరువురూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. ఫ్రేముల ఖర్చు ఎవరిదన్నది కూడ అందులోనే చేర్చాలి. చివరిరోజున చిత్రాలు దించేటప్పుడు ఆ ప్రశ్న తప్పక లేస్తుంది.