జంట వీడని పురుగులు: పేరు, ప్రవర్తన

మూసాపేట మేడలపై కుండీల్లో బెండ, మందార పెంచేవారికి ఎర్ర పురుగుల జంటలు కొత్త కాదు. రెండూ తోక వైపున కలిసి, తలలు చెరొక దిక్కుకు పెట్టి ఉంటాయి. పెద్దదైన ఆడ పురుగు ముందుకు సాగితే మగది వెనుకకు నడుస్తూ అనుసరిస్తుంది. పత్తి రైతు ఎరిగిన ఎర్రనల్లి, డిస్‌డెర్కస్ సింగ్యులేటస్, ఇదే.

ఐటీ ఉద్యోగులు దీనిని 'లవ్‌బగ్' అంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ పేరు అసలు ఈగల వర్గానికి చెందిన ప్లీసియా నియర్క్టికాది. 1940లో హార్డీ దీనిని శాస్త్రీయంగా వర్ణించారు. ఫ్లోరిడాలో మే, సెప్టెంబరు మాసాల్లో ఇవి జతగానే ఎగురుతూ కార్ల అద్దాలకు అంటుకుపోతాయి. దీని దగ్గరి బంధువు ఒకటి 2022 నుండి సియోల్ వాసులను విసిగిస్తున్నది. ఆంగ్లంలో ప్రియమైనవారిని ముద్దుగా పిలిచే మాట కూడా లవ్‌బగ్గే. 2000 మే నెలలో ప్రేమలేఖ రూపంలో వచ్చి కంప్యూటర్లను పాడుచేసిన వైరస్‌కూ అదే పేరు పడింది.

ఆ ఎడతెగని పట్టులో అనురాగం కన్నా కాపలా ఎక్కువ. ఆడది మరొక మగదానితో జతకడితే మొదటిదాని వీర్యకణాలకు పోటీ ఏర్పడుతుంది. ఆ అవకాశం లేకుండా మగది విడవకుండా ఉంటుందన్నది కీటక శాస్త్రజ్ఞుల ప్రధాన వివరణ. మన భాష అన్యోన్య దాంపత్యానికి చిలకాగోరింకలను ఎంచుకుంది. అవి వేర్వేరు జాతుల పక్షులు, జతకట్టనే కట్టవు!

విస్తరణ శాస్త్రజ్ఞునికి మాత్రం ఈ పేర్లు వేడుక కాదు. లవ్‌బగ్ పిల్లపురుగులు కుళ్ళిన ఆకులలములను తిని నేలకు మేలే చేస్తాయి. వాటిపై మందు చల్లడం వృథా. ఎర్రనల్లి అలా కాదు. పచ్చికాయలలోని గింజల రసం పీల్చి దూదికి మరకలు తెస్తుంది. పైగా ఎనిమిది కాళ్ళ ఎర్రనల్లి, అంటే సాలెపురుగుల బంధువు, ఇదే పేరుతో చెలామణి అవుతున్నది. పేరు ఒక్కటే విని సలహా ఇస్తే ఆ నల్లికి వాడే మందు ఈ పురుగుకు సూచించే ప్రమాదం ఉంది. ఫోనులో సలహా అడిగిన రైతును ముందుగా "పురుగులు జంటగా అతుక్కుని కనిపిస్తున్నాయా?" అని అడగాలి. అవునంటే త్వరలోనే తేమగల మట్టిలో గుడ్లు పడతాయి. కుండీలలోనైతే జంటలను సబ్బు నీటిలోకి దులిపి, పైమట్టిని గుల్లచేసి ఎండ తగలనివ్వడం చాలు.