ముల్లు ఎందుకు వణుకుతుంది?

1958 డిసెంబరు 4న లాస్ వేగాస్‌లో రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు ఒక సెస్నా 172లో పైకి లేచారు. మళ్లీ నేల మీద దిగింది 1959 ఫిబ్రవరి 7న! కింద రోడ్డు మీద పరుగెత్తే లారీ నుంచి గొట్టం పైకి లాక్కుని పెట్రోలు నింపుకుంటూ 64 రోజులకు పైగా తిరిగారు. 39వ రోజున జనరేటర్ చేతులెత్తేసింది. దీపాలు పోయాయి, హీటరు పోయింది, పెట్రోలు చేత్తో పంపు కొట్టి ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఇంజను మాత్రం ఆగలేదు. దానికి నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటోలకు బ్యాటరీతో పనిలేదు మరి.

ఆనాటి జనరేటర్‌లో తయారైన కరెంటంతా తిరిగే చుట్ట నుంచి కార్బన్ బ్రష్షుల మీదుగానే బయటికి రావాలి. అవి అరిగిపోయేవి. ఇంజను మెల్లగా తిరిగితే ఛార్జింగే ఉండేది కాదు. సిలికాన్ డయోడ్లు వచ్చాక కథ మారింది. ఆల్టర్నేటర్‌లో కదలని చుట్టలోనే కరెంటు పుడుతుంది, డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. తిరిగే రోటరుకు బ్రష్షుల ద్వారా అందాల్సింది కొద్ది ఆంపియర్లే. 1960లో క్రైస్లర్ కార్లలోకి వచ్చిన ఈ యంత్రం, ఆ దశాబ్దం మధ్యకల్లా సెస్నాల్లోకీ ఎక్కింది.

రోటరుకు ఎంత కరెంటివ్వాలో తేల్చేది రెగ్యులేటర్. 12 వోల్టుల బ్యాటరీ ఉన్న విమానంలో వోల్టేజిని 14 దగ్గర నిలబెట్టడం దాని పని. మధ్యలో సున్నా ఉండే అమ్మీటరు ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటుంటే, రేడియో లైట్లు మిణుకుమంటుంటే, అందరి అనుమానమూ ముందు దీని మీదికే పోతుంది. కొత్తది తెచ్చి బిగిస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది. మళ్లీ మొదలు!

అసలు కిటుకు వైరింగులో ఉంది. ఈ విమానాల్లో రెగ్యులేటర్ వోల్టేజిని చూసేదీ, రోటరుకు కరెంటు తీసుకునేదీ ఒకే తీగ మీద. ఆ తీగ బ్రేకరు, రెండు సగాలుగా ఉండే మాస్టర్ స్విచ్‌లోని ఆల్టర్నేటర్ సగం, మరికొన్ని జాయింట్లు దాటి వస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ కాంటాక్టులు నల్లబడతాయి, వదులవుతాయి. అవి అర వోల్టు మింగేశాయనుకోండి, 14 ఉన్నచోట రెగ్యులేటర్‌కు 13.5 కనిపిస్తుంది. తక్కువైందని అది రోటరుకు కరెంటు పెంచుతుంది. కరెంటు పెరిగితే ఆ పాడు జాయింటు మింగేదీ పెరుగుతుంది, ఇంకా తక్కువ కనిపిస్తుంది, ఇంకా పెంచుతుంది. చివరికి వోల్టేజి గీత దాటాక ఠక్కున తగ్గిస్తుంది. కరెంటు తగ్గగానే జాయింటు మింగేదీ తగ్గి, వోల్టేజి ఒక్కసారిగా ఎక్కువ కనిపిస్తుంది, మరీ తగ్గించేస్తుంది. ముల్లు నాట్యం అదే.

మరి కొత్త రెగ్యులేటర్‌తో కొన్నాళ్లు ఎందుకు బాగుంటుంది? పాతది పీకి కొత్తది గుచ్చేటప్పుడు టెర్మినల్ మీది మకిలి కాస్త గీసుకుపోతుంది. అంతే!

బెల్టు వదులైనా, బ్రష్షులు అరిగినా, ఇంజను ఎర్తు సరిగా లేకున్నా ముల్లు ఊగొచ్చు. కానీ డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక్క మల్టీమీటరు చాలు. ఇంజను ఆపి, మాస్టర్ స్విచ్ రెండు సగాలూ వేసి, ఒక కొసను బస్ (అన్నిటికీ కరెంటు పంచే పట్టీ) మీద, రెండోదాన్ని రెగ్యులేటర్‌కు కరెంటు వచ్చే చోట పెట్టాలి. మీటరు సున్నాకు దగ్గరగా చూపాలి. అర వోల్టు చూపితే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఒక్కో జాయింటూ దాటుకుంటూ పోతే దొరుకుతాడు. నా అనుభవంలో ముందు చూడాల్సింది రోజూ వేలితో నొక్కే ఆ స్విచ్‌నే, ఎవరూ అనుమానించనిది అదే. పాతదైతే శుభ్రం చేయడం కాదు, మార్చేయండి. రికార్డు పుస్తకంలో సంతకం మాత్రం లైసెన్సున్న ఇంజనీరుదే కావాలి.