పేరున్నది, తెర మీద కనవడలే

రెండేండ్ల కింద మా ఊరి ఉపాధి కూలి బకాయిల లెక్క ఒక్కకాడ ఉండాలెనని నేనే కూసొని చిన్న ప్రోగ్రాం రాసిన. పైథాన్ల రాసిన, డేటా అంత ఎస్‌క్యూలైట్ల పెట్టిన. కాలేజీల నేర్చిన చదువు కాదు, రాత్రిపూట ఫోన్ల చూసుకుంట, తప్పులు దిద్దుకుంట పట్టుకున్నదే. కూలోళ్లు, మస్టర్లు, బకాయిలు అని మూడు పేజీలు. మూడింట్ల పేరు కొట్టి వెతికే డబ్బా ఉంటది.

ఒక పెద్దమ్మ వచ్చింది. పేరు కొట్టిన, రాలే. "నీ పేరు లేదు పెద్దమ్మా" అని పంపిచ్చిన. తెల్లారి చూస్తే పేరున్నది. నేను ‘యె’తోని కొట్టిన, లెక్కల ‘ఎ’తోని ఎక్కి ఉన్నది. గా పేజీల సరిచేసిన. వారం తర్వాత ఆమె మళ్లొస్తే, మా తమ్ముడొకడు బకాయిల పేజీల కొట్టి మళ్ల లేదన్నడు. వెతికే ముక్కను నేను మూడు పేజీలల్ల కాపీ కొట్టి పెట్టిన, సరిచేసింది మాత్రం ఒక్కకాడనే. తప్పు నాదే. ఆమె రెండుసార్లు పని ఇడిసిపెట్టుకొని తిరిగింది.

గందుకే వెతికే పని ఒక్క ఫంక్షన్ల ఉండాలె. దాన్నే హెల్పర్ అంటరు. ఏ పేజీ అయినా దాన్నే పిలవాలె. దానికి రెండు చెప్తం: ఏ కాలంల వెతకాలె, మనిషి ఏం కొట్టిండు. అది రెండు తిరిగిస్తది: ‘వేర్’ పక్కన పెట్టే షరతు, ఆ షరతుకు అందియ్యాల్సిన విలువలు. క్వెరీని అది నడపదు, నడిపే పని పేజీది. గిట్ల విడగొడితేనే ఊరు, వారం లాంటి వేరే షరతుల పక్కన ‘అండ్’ పెట్టి జోడియ్యొచ్చు.

లోపల ఏం జరగాలె? కొట్టినదాన్ని ఖాళీలకాడ ముక్కలు చెయ్యాలె. ఒక్కో ముక్కకు ఒక ‘లైక్’, అన్నిటి నడుమ ‘అండ్’. అప్పుడు ఇంటిపేరు ముందు కొట్టినా, ఎనుక కొట్టినా దొరుకుతది. ఏం కొట్టకుంటె? దీన్ని చానామంది మరుస్తరు. ఖాళీ మాటకు రెండు దిక్కుల % పెడితే పేరున్న ప్రతి వరుస వచ్చి పడుతది. నేనైతే అప్పుడు 1 = 0 అని ఎన్నడూ నిజం కాని షరతు తిరిగిస్త. ఎవలి బకాయి ఎంతో ఊరందరి ముంగట పరవడం మంచిది కాదు.

గా %కే ఇంకో తిరకాసు ఉన్నది. ‘లైక్’ల % అంటే ఎన్ని అక్షరాలైనా, _ అంటే ఏదో ఒక్క అక్షరం. ఎవడన్న డబ్బాల ఉత్త % కొడితే లెక్కంత బయటపడ్తది. వాటి ముంగట ఒక గుర్తు పెట్టి, అదే మన ‘ఎస్కేప్’ గుర్తు అని క్వెరీకి చెప్పాలె. మనిషి కొట్టిన మాటలనే ఆ గుర్తు ఉంటే ముందుగాల దాన్ని రెండింతలు చెయ్యాలె. ఇగ కొట్టిన మాటను తీసుకపోయి క్వెరీల అతికియ్యొద్దు. ‘?’ పెట్టి విలువను విడిగ అందియ్యాలె. అతికిస్తే ఒక్క కొటేషన్ గుర్తుతోనే క్వెరీ ఇరుగుతది, తెలివిగల్లోడు గా సందులకెల్లే డేటాబేసులకు చొరవడ్తడు. కాలం పేరుకు మాత్రం ‘?’ పనిచెయ్యది. మన కోడుల ముందే రాసిపెట్టుకున్న కాలం పేర్లల్ల ఒకటైతేనే ఒప్పుకోవాలె.

గివన్ని ఇంగ్లీషు పాఠాలల్ల దొరుకుతయ్. దొరకనిది మన భాష సంగతి. ఎల్లయ్య, యెల్లయ్య మనకు ఒక్కటే, మిషన్‌కు రెండు. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు ‘జ’ కింద ‘క’ వత్తు పడకుండ నడుమ కండ్లకు కనవడని అక్షరం ఒకటి పెడ్తరు. ఒకలు పెడ్తరు, ఒకలు పెట్టరు. ఐత్వం కూడ యూనికోడ్‌ల ఒక్క గుర్తుగ ఉండొచ్చు, రెండు గుర్తుల జోడిగ ఉండొచ్చు. తెర మీద తేడా తెల్వది. అందుకని హెల్పర్‌కు తోడుగ శుభ్రం చేసే చిన్న ఫంక్షన్ ఇంకోటి కావాలె. అది ఎన్‌ఎఫ్‌సీ పద్ధతిల యూనికోడ్‌ను ఒక్క తీరు చేస్తది, కనవడని అక్షరం తీసేస్తది, మాట మొదట్ల ‘యె’ ఉంటే ‘ఎ’ చేస్తది. అసలు పేరును ముట్టొద్దు, అది కార్డు మీద ఉన్నట్టే ఉండాలె. పక్కన ఇంకో కాలం పెట్టి శుభ్రం చేసిన పేరును అందుల దాయాలె, వెతుకుడు అందులనే. పేరు ఎక్కిచ్చేటప్పుడు, వెతికేటప్పుడు రెండుసార్లు అదే ఫంక్షన్ నడవాలె. ఒక దిక్కు నడిచి ఇంకో దిక్కు నడవకుంటె మొదటికన్న అన్యాయమైతది.

గిట్ల వదులుగ వెతికితే ఒకలిద్దరు ఎక్కువ వస్తరు. రానియ్యి. చూసేటోడు కార్డు నంబరు చూసి ఎంచుకుంటడు. పైసలు వేసేకాడ మాత్రం ఈ వదులు పనికిరాదు, అక్కడ నంబరే.

వేగం సంగతి అడిగేటోళ్లు ఉంటరు. మాట ముంగట % ఉంటే మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు, ప్రతి వరుస చూడాల్సిందే. ఊరి లెక్కకు అదేం బరువు కాదు. లచ్చలల్లకు పోతె ఎస్‌క్యూలైట్ల ఎఫ్‌టీఎస్5 ఉన్నది, చూడున్రి.

ఇప్పుడు తిప్పలు పెట్టే పేర్లు పది ఏరి ఒక ఫైల్ల రాసిపెట్టుకున్న. హెల్పర్‌ల ఒక్క లైను మార్చినా ముందు అవన్ని వెతికిచ్చి చూస్త. మొదటి వరుసల ఉన్నది ఆ పెద్దమ్మ పేరే.