ఇంగ్లీషు వాక్యంలో కర్తకు క్రియకు పొందిక

పరీక్ష పత్రంలోనైనా, ఉద్యోగపు దరఖాస్తులోనైనా చదివేవారి దృష్టిలో వెంటనే పడే దోషం, కర్త ఒక వచనంలోను క్రియ మరొక వచనంలోను ఉండడం. తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే మన్సూరాబాద్ ప్రాంతపు విద్యార్థులకు ఈ పొందిక కొత్త కాదు. మన రెండు భాషల్లోనూ వచనాన్ని బట్టి క్రియ మారుతుంది. అయితే మారే పద్ధతులు వేరు. తడబాటుకు మూలం అక్కడే ఉన్నదని మేము భావిస్తున్నాము.

మొదటిది మర్యాద. "నాన్నగారు వచ్చారు", "వాలిద్ సాహబ్ ఆయే హైఁ" అంటాము. వ్యక్తి ఒక్కరే, గౌరవార్థం క్రియ బహువచనం. ఇంగ్లీషులో ఎంతటి పెద్దలైనా "మై ఫాదర్ హాజ్ కమ్" అనవలసిందే. అందులో అమర్యాద లేదు. ఒక్కరితో మాట్లాడినా "యూ ఆర్" అనడంలో మాత్రం ఆ పాత మర్యాద నిలిచి ఉన్నది.

రెండవది లెక్క. తెలుగులో పాలు, నీళ్ళు నిత్యబహువచనాలు. "పాలు విరిగాయి" అంటాము. ఉర్దూలో దూధ్, పానీ ఏకవచనాలు. ఇంగ్లీషు ఇక్కడ ఉర్దూ వైపు నిలుస్తుంది: "ది మిల్క్ ఈజ్ హాట్". అట్లే "అందరూ వచ్చారు" అన్న చోట "ఎవ్రీబడీ హాజ్ కమ్" అని ఏకవచనం వాడవలెను.

మూడవది ఉర్దూలోని 'నే' ప్రత్యయం. "అహ్మద్ నే దో కితాబేఁ ఖరీదీ హైఁ" అన్నప్పుడు క్రియ పుస్తకాలను అనుసరించింది, అహ్మద్‌ను కాదు. ఇంగ్లీషులో క్రియ కర్మను అనుసరించదు: "అహ్మద్ హాజ్ బాట్ టూ బుక్స్".

నాలుగవది దూరం. "ది లిస్ట్ ఆఫ్ బుక్స్ ఈజ్ లాంగ్" అన్న వాక్యంలో క్రియకు పక్కనున్నది పుస్తకాలు, పొడవైనది జాబితా. కర్త జాబితాయే.

ఇక 'ఎస్' అక్షరం. నామవాచకానికి చేరితే సాధారణంగా బహువచనం. వర్తమాన క్రియకు చేరితే ఏకవచనం. "బాయ్ రీడ్స్, బాయ్స్ రీడ్" అని గుర్తుంచుకొనిన చాలు.

"కమిటీ" వంటి సమూహవాచకాన్ని ఒకే సంస్థగా భావిస్తే "ఈజ్". సభ్యులను విడివిడిగా తలచినపుడు బ్రిటిష్ వాడుకలో "ఆర్" కూడా చెల్లును.

కావున విద్యార్థులు వ్యాసం పూర్తయిన పిమ్మట మరొకసారి క్రియల కొరకే చదవవలెను. ప్రతి క్రియ వద్ద ఆగి "ఎవరు? ఒకరా, పలువురా?" అని ప్రశ్నించుకొనిన, ఈ దోషాలలో పెక్కు అక్కడికక్కడే తొలగిపోవును.