పంచుకున్న కోడ్ – పాత భాషకు కొత్త ఊపిరి: ఫోర్ట్రాన్ అనుభవం

1. ఉపోద్ఘాతం

ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ నాయకత్వంలోని బృందం 1957లో ఫోర్ట్రాన్ భాషకు తొలి కంపైలర్‌ను అందించింది. గణిత సూత్రాలను యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చడం దాని ఉద్దేశం. వాతావరణ నమూనాలు, భౌతికశాస్త్ర గణనలు నేటికీ ఈ భాషపై గణనీయంగా ఆధారపడుతున్నాయి. అయినా కొత్త తరం దీనిని కాలం చెల్లిన భాషగా భావించి దూరమైంది. ఆ దూరానికి కారణాన్ని, దానిని తగ్గించడంలో పంచుకున్న కోడ్ వహించిన పాత్రను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆదరణ తగ్గడానికి కారణం

పంచ్ కార్డుల కాలంలో ప్రతి వరుసలో 7వ గడి నుంచి 72వ గడి వరకే ఆదేశం రాయాలి. పేర్లు ఆరు అక్షరాలను మించరాదు. ఫోర్ట్రాన్ 90 ప్రమాణంతో ఈ నిర్బంధాలు తొలగిపోయాయి. కనుక భాష ఎదగలేదనడం సమంజసం కాదు. లోపించినవి రెండు: అందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే ప్రామాణిక లైబ్రరీ, ఒకరి కోడ్‌ను మరొకరు సులువుగా తెచ్చుకొనే సాధనం. అందువల్ల సంఖ్యలను వరుసక్రమంలో అమర్చడం వంటి చిన్న పనికి కూడా తరచుగా ఎవరి కోడ్ వారే రాసుకోవలసి వచ్చేది.

3. పంచుకొనే సంప్రదాయం

నిజానికి కోడ్‌ను పంచుకోవడం ఈ రంగానికి కొత్త కాదు. 1985లో మొదలైన నెట్‌లిబ్, ఈమెయిల్ ద్వారా కోరినవారికి గణిత ప్రోగ్రాములను పంపేది. 1992లో వెలువడిన లాపాక్ కూడా అందరికీ ఉచితంగా లభించింది. ఈ సంప్రదాయాన్ని నేటి అవసరాలకు అనుగుణంగా మలచే ప్రయత్నం 2019 చివరలో స్టాండర్డ్ లైబ్రరీ నిర్మాణంతో ఆరంభమైంది. 2020లో ఎఫ్‌పీఎం అనే ప్యాకేజీ మేనేజర్ తోడైంది. తన ప్రాజెక్టుకు ఏయే ప్యాకేజీలు కావాలో రచయిత ఒక చిన్న ఫైలులో పేర్కొంటే చాలు. ఎఫ్‌పీఎం వాటిని తెచ్చి, సరైన క్రమంలో కంపైల్ చేస్తుంది.

4. ఒక ఉదాహరణ

సరళ సమీకరణాల సాధనకు లాపాక్‌లో 'డీజీఈఎస్‌వీ' అనే ప్రోగ్రాం ఉంది. 'డీ' అంటే డబుల్ ప్రెసిషన్, 'జీఈ' అంటే సాధారణ మాత్రిక, 'ఎస్‌వీ' అంటే సాధన. ఆరు అక్షరాల నియమం మిగిల్చిన ఈ పేరు విద్యార్థికి ఒక చిక్కుముడి. పైగా దానిని పిలిచేటప్పుడు మాత్రిక కొలతలతో సహా ఎన్నో వివరాలు క్రమం తప్పకుండా ఇవ్వాలి. కొత్త లైబ్రరీలో మాత్రికను, కుడివైపు విలువలను 'సాల్వ్' అనే ఫంక్షన్‌కు ఇస్తే సరిపోతుంది. లోపల పనిచేసేది మాత్రం లాపాక్ పద్ధతే. అంటే పాత జ్ఞానం అలాగే నిలిచింది. దానిని చేరే దారి మాత్రమే సుగమమైంది.

5. ముగింపు

2021 ఏప్రిల్‌లో టియోబీ సూచీలో ఫోర్ట్రాన్ మళ్లీ తొలి 20 భాషల్లో చోటు పొందింది. అయితే ఆ సూచీ ప్రధానంగా అంతర్జాల శోధన ఫలితాలపై ఆధారపడినది కనుక దానినే విజయానికి కొలమానంగా తీసుకోలేము. మరోవైపు, పైథాన్‌కు చెందిన సైపై లైబ్రరీ తనలోని పాత ఫోర్ట్రాన్ భాగాలను వేరే భాషల్లోకి మారుస్తూ వచ్చింది. కోడ్ సక్రమంగా పనిచేస్తున్నా, దానిని చదివి సరిదిద్దగలవారు కరవైతే మిగిలే మార్గం అదే. కాబట్టి పాత భాష మనుగడకు దాని ఘనతను స్మరించుకోవడం చాలదు. కొత్తగా వచ్చినవారు తొలిరోజే చదవగలిగే, వాడగలిగే, సవరించగలిగే ఉమ్మడి కోడ్ అవసరమని ఫోర్ట్రాన్ అనుభవం తెలియజేస్తోంది.